వంతెన దగ్గర తొంభై నాలుగు సార్లు

...కాదు, "నీ ఇష్టం నాన్నా" అన్నప్పుడు దాని గొంతులో కోపం లేదు, అదే కదా వచ్చిన చిక్కు, కోపమే ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒక కొస దొరికేది, అని తనలో తను వాదించుకుంటూ అతను దిగాల్సిన స్టాపు దాటిపోయి తర్వాతి స్టాపులో దిగాడు. ఆఫీసుకి వెనక్కి నడవాలి. నడుస్తూ మళ్ళీ మొదటికొచ్చాడు. పొద్దున బీరువా ముందు నిలబడి తను అడిగిందేమిటి? "ఎర్ర చొక్కానా, నీలం చొక్కానా?" అంతేగా. తొమ్మిదేళ్ళ కూతుర్ని అడగడానికి అంతకన్నా తేలికైన ప్రశ్న లోకంలో ఉంటుందా?

నెల కిందటైతే "రెండూ కాదు, పసుపుది" అనేది. పసుపుది ఉతికి ఆరేశానంటే "అయితే తడిదే వేసుకుంటా" అనేది. తడిది వేసుకుంటే జలుబు చేస్తుందంటే "చెయ్యనీ, స్కూలు మానేస్తా" అనేది. చీటికీ మాటికీ కుట్టే ఆ నోరు చూసే దానికి కందిరీగ అని పేరు పెట్టాడు. అసలు పేరు స్కూలువాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఆ కందిరీగ ఇవాళ చేతికిచ్చిన చొక్కా తొడుక్కుని, బొత్తాలు కిందనుంచి పైకి వరసగా పెట్టుకుని, అద్దంలోకైనా చూడకుండా బయటికి నడిచింది. మూడు రోజులుగా ఇంతే. పాలు వేడిగానా చల్లగానా? నీ ఇష్టం. కిటికీ తెరవనా? నీ ఇష్టం.

"చూశావా, సర్దుకుంది," అంది భార్య నిన్న, చెప్పులు వేసుకుంటూ. "పిల్లలు మనకన్నా తొందరగా సర్దుకుంటారు."

నిన్నటిదాకా అతనూ అలాగే అనుకున్నాడు. అనుకుని, నిజం చెప్పాలంటే, హమ్మయ్య అని ఊపిరి తీసుకున్నాడు. తీసుకున్న ఆ ఊపిరే ఇవాళ పొద్దుటి నుంచి గొంతులో అడ్డం పడి కూర్చుంది.

రెండు దారులు చూపించి ఒకే పని చేయించడం అతనికి తండ్రి నుంచి వచ్చిన విద్య. చిన్నప్పుడు వాళ్ళ నాన్న "స్కూలుకి నడిచి వెళ్తావురా, పరిగెత్తి వెళ్తావురా?" అనేవాడు. నడిచే వెళ్తానని తను రొమ్ము విరుచుకుని చెప్పేవాడు. అసలు వెళ్ళనని కూడా చెప్పొచ్చన్న ఊహ రావడానికి ఆరో తరగతి దాకా పట్టింది. ఇప్పుడు ఆ విద్యకే జీతం తీసుకుంటున్నాడు. వీడియో గేముల్లో మాటలు రాస్తాడు. తెర మీద ఎవరో ఒకరు నిలబడి ఏదో అడుగుతారు, కింద మూడు జవాబులు కనిపిస్తాయి, ఆడేవాడు ఒకటి నొక్కుతాడు. మూడు జవాబులకీ మూడు కథలు నడపాలంటే మూడింతల బొమ్మలు, మూడింతల గొంతులు, మూడింతల రోజులు కావాలి. అందుకని అడిగినవాళ్ళు మూడు జవాబులకీ మూడు రకాలుగా మొహం పెట్టి, కాసేపు మూడు రకాలుగా మాట్లాడి, చివరికి ఒకే మాట అంటారు. అక్కణ్ణుంచి కథ ఒకటే. ఆఫీసులో దీన్ని గరాటు అంటారు. పైన మూతి ఎంత వెడల్పుగా ఉంటేనేం, కింద కారేది ఒకే కన్నంలోంచి. ఆడేవాడికి మాత్రం తను జారుతున్నట్టు తెలియకూడదు, నా దారి నేనే చూసుకుని వచ్చానని మురిసిపోవాలి. ఆ పనితనంలో అతన్ని కొట్టేవాడు ఆ అంతస్తులో లేడు.

ఇవాళ మధ్యాహ్నం మూడున్నరకి కందిరీగని కూడా ఒక ప్రశ్న అడుగుతారు. అమ్మ దగ్గర ఉంటావా, నాన్న దగ్గర ఉంటావా అని. విడిపోతున్న జంటల పిల్లల్ని ఆ ప్రశ్న అడిగి, జవాబు కాగితం మీద రాసి కోర్టుకి పంపడం కౌన్సిలర్ ఉద్యోగం. పిల్ల ఏం చెప్పినా జరిగేది ఒకటే. భార్యకి ఆమె పనిచేసే కళ్ళద్దాల దుకాణంవాళ్ళు వేరే ఊళ్ళో కొత్త శాఖ అప్పజెప్పారు, రైల్లో తొమ్మిది గంటల దూరం. పిల్ల ఆమెతో వెళ్తుంది. సెలవులకి ఇటు వస్తుంది. పదహారు రోజుల కిందట లాయరు బల్ల మీద ఇద్దరూ సంతకాలు పెట్టేశారు. ఆ తర్వాత మూడో రోజున పిల్లని సోఫాలో కూర్చోబెట్టి, "మేం వేరే వేరే ఇళ్ళల్లో ఉంటాం, నువ్వెక్కడ ఉండాలో నిన్నే అడుగుతారు, నీ మాటే వింటారు" అని చెప్పారు. సంతకాల ఊసెత్తలేదు. పిల్ల మనసు కష్టపెట్టుకుంటుందని.

"ఏం అడగాలో మీ ఇంటి మాటల్లో మీరే రాసుకుని రండి, అలాగైతే పిల్ల బెదరదు," అంది కౌన్సిలర్, కిందటి వారం కలిసినప్పుడు. భార్య అతనివైపు చూసింది. దుకాణంలో కళ్ళు పరీక్షించడం ఆమె పని.

"నువ్వే రాయి. నా పనిలో జవాబు తెలియక అడుగుతాం. ఈ అద్దం బాగుందా, ఈ అద్దం బాగుందా అంటే, అవతలి మనిషి చెప్పేదాకా నాకు తెలీదు. నువ్వైతే జవాబు రాసుకున్నాకే ప్రశ్న వేస్తావు. ఇలాంటిదానికి నిన్ను మించినవాడు లేడు."

అది వెటకారమో మెచ్చుకోలో అతను తేల్చుకోలేదు. మెచ్చుకోలు కిందే జమకట్టి, మొన్న భోజనాల వేళ అందరూ కిందికి వెళ్ళాక ఆఫీసులోనే కూర్చుని రాశాడు. చెయ్యి అలవాటుపడ్డది ఆ ఒక్క పద్ధతికే: ఎడమవైపు గళ్ళలో పిల్ల చెప్పగల జవాబులు, కుడివైపు వాటికి పెద్దవాళ్ళ మాటలు, చివరి గడిలో కథ ఎటు పోతుందో. మూడు వరసల చివరా ఒకే మాట పడింది. గంట కూడా పట్టలేదు.

* * *

అతను ఇంకా సంచీ దించుకోకముందే చాదస్తం కుర్చీ దొర్లించుకుంటూ వచ్చాడు. గేములో ఉన్న ప్రతి మీటా ప్రతి వరసలోనూ నొక్కి తప్పులు పట్టడం చాదస్తం ఉద్యోగం. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ అతనే తన టీ కప్పు మీద రాసుకున్నాడు.

"గురూ, నీ కొత్త సీను చూశాను."

"ఏ సీను?"

"అదే, పిల్లది. అమ్మా నాన్నా చెరో కుర్చీలో, మధ్యలో పిల్ల, ఎదురుగా ఒక మేడం. ఉమ్మడి ఫోల్డర్‌లో పడేశావుగా. పరీక్షకే అనుకుని మొత్తం తిప్పి చూశా."

అతను చప్పున తెర వెలిగించి ఫోల్డర్ తెరిచాడు. రాయడం అయ్యాక దాన్ని ఎక్కడ దాచాడో ఇప్పుడు గుర్తొచ్చింది. రోజూ దాచే చోటే దాచాడు. చెయ్యి దాని అలవాటు అది చేసుకుపోయింది.

"గట్టిగా కట్టావయ్యా," అన్నాడు చాదస్తం. "వంతెన సీను కూడా దీని ముందు దిగదుడుపే. అమ్మ అన్నా అమ్మే, నాన్న అన్నా అమ్మే, నోరు మూసుక్కూర్చున్నా అమ్మే. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి! కానీ తప్పులు మూడున్నాయి."

"వద్దులే, అది ఇంకా..."

"వినవయ్యా, తప్పులు చెప్పకపోతే నాకు కడుపు ఉబ్బుతుంది. ఒకటి, పిల్ల వయసు. తొమ్మిదని రాశావు. తొమ్మిదేళ్ళ పిల్ల రెండోసారి ఆడిందంటే గరాటు కనిపెట్టేస్తుంది. ఒక్కసారే ఆడే సీను కాబట్టి గట్టెక్కావు. రెండు, చివరి మాట. 'నువ్వే చెప్పావు కదా తల్లీ, మేం నీ మాటే వింటున్నాం.' ఇందులో తల్లీ తీసెయ్. అబద్ధంలో ముద్దు ఎక్కువైతే దొరికిపోతాం."

అతను తల ఊపాడు. ఊపకపోతే ఇతను ఇక్కణ్ణుంచి కదలడు.

"మూడోదే అసలైంది. ఈ తండ్రి ఎందుకూ?"

"అంటే?"

"మూడు దారులూ వెతికాను. ఒక్క దాంట్లోనూ వాడికి మాట లేదు. అమ్మ మాట్లాడుతుంది, మేడం మాట్లాడుతుంది, వాడు మాత్రం కుక్కిన పేనులా కూర్చునుంటాడు. బొమ్మ గీసేవాళ్ళకి శ్రమ తప్పితే ఏముంది? కుర్చీ ఖాళీగా పెట్టినా సీను నడుస్తుంది. తీసెయ్యమంటావా?"

అతను తెర వైపు చూశాడు. నిజమే. తండ్రి అన్న మాట పైన, పాత్రల జాబితాలో ఒక్కసారి ఉంది. కింద ఎక్కడా లేదు. రాస్తున్నప్పుడు తెలియనేలేదు. తనకే తెలియనిది చేతికి ఎలా తెలిసింది?

"ఉండనీ," అన్నాడు.

"నీ ఇష్టం," అన్నాడు చాదస్తం. ఆ రెండు మాటలకీ అతను చటుక్కున తలెత్తాడు. చాదస్తం అదేం గమనించలేదు. "ఇంకొకటి, ఇది తప్పో కాదో నాకే తెలీడం లేదు. మనవాళ్ళ ఇళ్ళకి ఆడిచూడమని గేము ఇచ్చాం కదా, ఎవరెప్పుడు ఏం నొక్కారో ఆ వివరాలు వచ్చాయి. ఒకళ్ళు వంతెన సీను తొంభై నాలుగు సార్లు ఆడారు. మిషనుకి పిచ్చెక్కిందేమో అనుకున్నా. తీరా చూస్తే నంబరు నీది. నీ సీను మీద నీకు అంత మోజేమిటి గురూ?"

"ఏ టైముల్లో?"

"అన్నీ సాయంత్రం నాలుగు, ఆరు మధ్యన."

ఆ వేళప్పుడు అతను ఆఫీసులో ఉంటాడు. భార్య దుకాణంలో ఉంటుంది. స్కూలు నుంచి వచ్చి, పక్కింటావిడ దగ్గర తాళం తీసుకుని, ఇంట్లో ఉండేది ఒక్కతే.

* * *

వంతెన సీనుకి ఆ మధ్య ఆఫీసులో చప్పట్లు కొట్టారు. పటాలు గీసే ఒక ముసలాయన సగం కథ దాకా ఆడేవాడి వెంట నడుస్తాడు, దారి చెబుతాడు, కాళ్ళు లాగుతున్నాయని సణుగుతాడు, పాత కబుర్లతో నవ్విస్తాడు. తెగిపోబోతున్న తాళ్ళ వంతెన దగ్గర ఆగి అడుగుతాడు: "నన్ను మోసుకుపోతావా, ఇక్కడే వదిలేస్తావా, నన్నే తేల్చుకోమంటావా?" ఏది నొక్కినా వంతెన తెగుతుంది. ముసలాయన అవతలి ఒడ్డున ఉండిపోతాడు. చెయ్యెత్తి, "నువ్వే తేల్చావు, నీ మీద నాకేం కోపం లేదు," అంటాడు. ఆ చివరి వాక్యం కోసం అతను వారం రోజులు చెక్కాడు. తప్పంతా మెత్తగా ఆడేవాడి ఒళ్ళో పెట్టి, పెట్టినవాడి చేతులు కనపడకుండా చేసే వాక్యం అది. కోపం లేదని చెప్పడంలోనే కిటుకంతా ఉంది.

అతను వివరాల కాగితం అచ్చు తీసుకుని మెట్ల దగ్గర కూర్చుని చదివాడు. అంకెలూ టైములూ తప్ప అందులో ఏమీ లేవు. అయినా రెండో పేజీకి వచ్చేసరికి పిల్ల తన పక్కన కూర్చుని ఊపిరి పీలుస్తున్నట్టే అనిపించింది.

మొదలైంది సోఫాలో కూర్చోబెట్టి చెప్పిన మర్నాడు. మూడు జవాబులూ రెండేసి సార్లు. తర్వాతి రోజు గేములో వెనక్కి వెళ్ళి, ముసలాయనకి తన కోటు ఇచ్చేసి వచ్చింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి రొట్టె ఇచ్చింది. ఆ తర్వాత కోటూ రొట్టే రెండూ ఇచ్చింది. దారిలో ఆయన చెప్పిన ప్రతి కబురుకీ "ఇంకా చెప్పండి" అనే నొక్కింది, ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఇంకో రోజు అసలు ఆయన ఇంటి తలుపే తట్టకుండా చుట్టూ తిరిగి వెళ్ళింది. కలవకపోతే వదిలేయాల్సిన పనే రాదనుకుని ఉంటుంది. అయినా వంతెన దగ్గర ఆయన నిలబడే ఉన్నాడు. ఎవరూ తప్పించుకుపోకుండా అలా నిలబెట్టింది తనే.

ఎనిమిదో రోజు ఒక్కసారే ఆడింది. ప్రశ్న తెర మీదికి వచ్చింది నాలుగూ ఇరవై ఒకటికి. ఏదీ నొక్కలేదు. ఆట ఆపలేదు కూడా. ఆరు దాటిన రెండు నిమిషాలకి ఆపింది. భార్య తాళం తిప్పుకుని ఇంట్లోకి వచ్చే వేళ అది. నూట ఒక్క నిమిషాలు కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జవాబు చెప్పనంతసేపూ ముసలాయన తనున్న ఒడ్డునే ఉంటాడు కదా, అందుకని.

చివరి పేజీలో చివరి పదకొండు సార్లూ ఒకే తీరు. "వదిలేస్తాను." ప్రశ్న రావడానికీ నొక్కడానికీ మధ్య ఒక్క సెకను కూడా లేదు. పదకొండు సార్లూ. ఆ తర్వాత మూడు రోజులుగా ఏమీ లేదు.

అతను లేచి బాత్రూములోకి వెళ్ళి మొహం కడుక్కున్నాడు. పంపు కట్టేసినా నీళ్ళు ఆగడం లేదనిపించి మళ్ళీ మళ్ళీ తిప్పాడు. ఇన్నాళ్ళూ తను భయపడింది పిల్ల "నాన్న దగ్గర" అంటుందేమోనని. దానికి మందు రాసి పెట్టుకున్నాడు: నాన్నకి కూడా నువ్వంటే ప్రాణం, అందుకే ఈ సంవత్సరానికి, వగైరా. ఇప్పుడు పట్టుకున్న భయం వేరు. పిల్ల సెకను కూడా ఆగకుండా చెప్పేస్తుంది. చెప్పి, నువ్వే చెప్పావు కదా అన్న మాట విని, దాన్ని మోసుకుని రైలెక్కుతుంది. పదిహేనేళ్ళొచ్చినా, ముప్ఫయ్యేళ్ళొచ్చినా, నాన్నని నేనే వదిలేశానని దాని లోపల ఒక గొంతు చెబుతూనే ఉంటుంది. ఆ గొంతుకి మాటలు రాసిచ్చింది తను.

ఆ భయం వెనక ఇంకొకటి ఉంది. దాని మొహం చూడడానికి అతనికి ఈ పదహారు రోజుల్లో ధైర్యం చాలలేదు. లాయరు బల్ల మీద సంతకం పెట్టి పెన్ను మూత బిగిస్తున్నప్పుడు, ఒక్క క్షణం, భుజాల మీంచి ఎవరో మూట దించినట్టు తేలిగ్గా అనిపించింది. పిల్ల జ్వరాలూ, స్కూలు చీటీలూ, పొద్దున్నే జడలూ, అన్నీ ఆ క్షణంలో గది బయటికి నడిచి వెళ్ళిపోయాయి. మరుక్షణమే ఏడుపొచ్చింది, నిజమే. కానీ ముందొచ్చింది ఏడుపు కాదు.

* * *

మూడింటికి స్కూలు గేటు దగ్గర నిలబడ్డాడు. పిల్లలందరూ తోసుకుంటూ వచ్చాక, గేటు సగం ఖాళీ అయ్యాక, కందిరీగ వచ్చింది. నీలం చొక్కా నలగనైనా లేదు.

"సందులోంచి..." అని మొదలుపెట్టి నాలుక కరుచుకున్నాడు.

"నీ ఇష్టం," అంది.

"నేనింకా ఏం అడగలేదే."

"అడిగినా అదే కదా."

నడుస్తున్నారు. కౌన్సిలర్ ఆఫీసు పదిహేను నిమిషాల నడక. సైకిళ్ళ దుకాణం దాటారు, మందుల దుకాణం దాటారు. ప్రతి దుకాణం దాటేటప్పుడూ, ఇది దాటాక చెబుతాను అనుకున్నాడు. పిల్ల చెయ్యి అతని చేతిలో ఉంది గానీ పట్టుకోలేదు, ఎవరో దాచమని ఇచ్చిన వస్తువులా ఊరికే ఉంది.

"ఆ వంతెన ముసలాయన ఉన్నాడే," అన్నాడు చివరికి. "చాలాసార్లు ఆడావట."

దాని అడుగు ఒకటి తడబడింది. "ఇప్పుడు ఆడట్లేదు."

"ఏం?"

"అయిపోయింది."

"అందులో ఆయన్ని దాటించే దారి..." అన్నాడు.

"ఉంది," అంది కందిరీగ. "నాకే దొరకలేదు. బాగా ఆడేవాళ్ళకి దొరుకుతుంది."

అతను నడిరోడ్డు మీద ఆగిపోయాడు. వెనక ఎవరో బండి హారన్ కొట్టి తిట్టుకుంటూ పక్కనుంచి పోయారు. చాదస్తం తప్పు చెప్పాడు. రెండోసారికే గరాటు కనిపెట్టేస్తుందన్నాడు. తొంభై నాలుగు సార్లు ఆడినా ఇది గరాటు కనిపెట్టలేదు. రాసినవాడు నాన్న కాబట్టి దారి ఉండే ఉంటుందని నమ్మింది. దొరకనిది తన చేతకానితనమని తేల్చుకుంది. ఇప్పుడు చెప్పాలి, ఇక్కడే, అని మోకాళ్ళ మీద వంగబోయాడు.

"ఇదుగో, ఇటు!" అని ఎదురు మెట్ల మీంచి భార్య చెయ్యూపింది. "ఇంకా అక్కడే నిలబడ్డారేం? మనల్ని పిలిచేశారు."

పిల్ల అతని చేతిలోంచి చెయ్యి జార్చుకుని ముందు నడిచింది.

* * *

గదిలో నాలుగు కుర్చీలు, ఒక బల్ల, మూల ఒక బుట్ట నిండా రంగు వెలిసిన బొమ్మలు. పిల్లని మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. కాళ్ళు నేలకి అందలేదు, ఊపడం లేదు కూడా. కౌన్సిలర్ మంచి మనిషే. మంచినీళ్ళిచ్చింది, స్కూల్లో ఇవాళ ఏం చెప్పారని అడిగింది, ఆ తర్వాత అతను రాసిచ్చిన కాగితం కళ్ళద్దాల కిందికి జరుపుకుంది.

"నిన్ను కందిరీగ అంటారటగా ఇంట్లో? నన్ను కుట్టకూడదు మరి." పిల్ల మర్యాదకి నవ్వింది. "అమ్మా నాన్నా ఇద్దరికీ నువ్వంటే ప్రాణం. నువ్వు ఎక్కడుంటే నీకు హాయిగా ఉంటుందో నువ్వే చెప్పాలి. అమ్మ దగ్గరా, నాన్న ద..."

"అమ్మ దగ్గర," అంది కందిరీగ.

ప్రశ్న పూర్తికాలేదు. గోడ గడియారం ఒక్క చప్పుడు కూడా చెయ్యలేదు ఈలోగా. భార్య కళ్ళు తుడుచుకుంది. కౌన్సిలర్ కాగితం మీద రెండు మాటలు రాసి, తేలికపడ్డ మొహంతో తలెత్తి, తర్వాతి వరస వెతుక్కుని చదివింది.

"శభాష్. నువ్వే చెప్పావు కదా తల్..."

"ఆగండి," అన్నాడు అతను.

ముగ్గురూ అతనివైపు తిరిగారు. లేచి నిలబడ్డానని అప్పుడు తెలిసింది. కూర్చోవాలో వద్దో తెలియక కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"పిల్ల చెప్పలేదండీ. మేం చెప్పాం."

"ఇప్పుడేంటిది?" అంది భార్య పళ్ళ బిగువున. "పిల్ల చక్కగా చెప్పింది. నీకు పుణ్యముంటుంది, కూర్చో."

అతను ఆమె వైపు చూడలేదు. చూస్తే కూర్చుండిపోతాడు. పిల్ల ముందుకొచ్చి, దాని కాళ్ళ దగ్గర నేల మీద గొంతుక్కూర్చున్నాడు. ఇంత దగ్గరగా దాని మొహం చూసి చాలా రోజులైంది. పై పెదవి మీద చిన్న చెమట చుక్క ఉంది.

"నువ్వు ఏం చెప్పినా అమ్మతోనే వెళ్తావమ్మా. నాన్న దగ్గర అన్నా అమ్మతోనే. ఊరుకున్నా అమ్మతోనే. మేం ముందే తేల్చేశాం."

పిల్ల కళ్ళార్పలేదు.

"ఆ వంతెన కూడా అంతే. అందులో దారి లేదు."

"బాగా వెతికితే?"

"వెతికినా లేదు. ఎవరు ఆడినా లేదు. నేను పెట్టలేదు. కోటు ఇచ్చినా, రొట్టె ఇచ్చినా, నూటొక్క నిమిషాలు కూర్చున్నా ఉండదు. నువ్వు బాగానే ఆడావు."

కౌన్సిలర్ పెన్ను కాగితం మీదే ఆగింది. కందిరీగ మొహంలో మూడు రోజులుగా ఉన్న ఆ మర్యాద మెల్లగా పగుళ్ళిచ్చింది. గడ్డం వణికింది. చెంపలు ఎర్రబడ్డాయి.

"మరి నన్నెందుకు అడిగారు?"

కౌన్సిలర్ కాగితాన్ని బోర్లించి పెట్టింది.

"ఎప్పుడు తేల్చారు?"

"పదహారు రోజులైంది. లాయరు గారి దగ్గర కాగితం మీద సంతకాలు పెట్టాం."

"నాకు సోఫాలో చెప్పక ముందా?"

"ముందే."

పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి కళ్ళు దించుకుంది. అది మళ్ళీ అతనివైపు తిరిగింది. ఇప్పుడు దాని గొంతు చాలా చిన్నగా ఉంది, వంగి వింటే తప్ప వినపడనంత.

"నువ్వు కూడా పెట్టావా?"

ఇంతకన్నా భయం అతనికి పుట్టి బుద్ధెరిగాక వెయ్యలేదు. అలవాటుపడ్డ బుర్ర మాత్రం ఈ భయంలోనూ దాని పని అది చేసుకుపోయింది, మూడు జవాబులు వరసగా నిలబెట్టింది. తప్పలేదమ్మా. నీ మంచికేనమ్మా. అమ్మా నేనూ బాగా ఆలోచించే కదమ్మా. మూడూ మెత్తగా ఉన్నాయి, మూడింటిలోనూ ముద్దు ఉంది, మూడూ ఎక్కడికి తీసుకెళ్తాయో అతనికి చూడకుండానే తెలుసు. పిల్ల ఎదురుచూస్తోంది. దాని చేతివేళ్ళు కుర్చీ అంచుని తెల్లబడేలా పట్టుకుని ఉన్నాయి. ఈ మాట విన్నాక అవి తనను మళ్ళీ పట్టుకుంటాయో లేదో ఏ గడిలోనూ రాసి లేదు.

"పెట్టాను," అన్నాడు.